తీర్పు రాత్రి తొమ్మిదింటికి

మన క్రైమ్ వార్తల నాణ్యత పెంచాలని కొందరు పెద్దలు తెగ బెంగ పెట్టుకున్నారు. ఇంకా ఎంత పెంచుతారండీ? ఇంతకు మించి పెరిగితే జడ్జీల ఉద్యోగాలకే ఎసరు. కోర్టులు పదేళ్లయినా తేల్చలేనిది మనవాళ్లు మధ్యాహ్నం ప్రెస్ మీట్‌కీ రాత్రి తొమ్మిది గంటల బులెటిన్‌కీ మధ్య తేల్చేస్తున్నారు.

నిబద్ధత మాటకొస్తే, 2018లో శ్రీదేవి దుబాయ్‌లో పోయినప్పుడు మన తెలుగు రిపోర్టర్ ఒకాయన ఏకంగా బాత్‌టబ్బులోకి దిగి మరీ చూపించాడు. అక్కడి ప్రాసిక్యూషన్ వాళ్లు ప్రమాదవశాత్తు మునిగిపోయారని చెప్పి ఫైలు మూసేశారు. టబ్బులోకి దిగకుండానే ఎలా తేల్చారో మరి!

ఇక ప్రెస్ మీట్. టేబుల్ మీద రెండు సెల్‌ఫోన్లు, ఒక కత్తి, పేర్చిన నోట్లు. కుర్చీల్లో అధికారులు. వాళ్ల వెనక ముఖాలకు ముసుగులేసుకుని నిందితులు. సాక్షులు నిందితుణ్ని గుర్తుపట్టే ఐడెంటిఫికేషన్ పరేడ్ చెడకూడదని ముసుగు. చేతికిచ్చే ప్రెస్ నోట్‌లో మాత్రం పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు అన్నీ ఉంటాయి. మర్నాడు పేపర్లో ‘పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు’ అని వస్తుంది. ఆ శైలి ఏమిటని ఎవరూ అడగరు. కవుల శైలికి కూడా మన విమర్శకులు ఇంత గౌరవం ఇవ్వలేదు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం 23వ సెక్షన్‌దీ అదే మాట. తెల్లదొరలకు తమ పోలీసుల మీదే లేని నమ్మకం మన క్రైమ్ బీట్‌కి ఉంది.

ఆ నమ్మకం ఖరీదెంతో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్ కేసులో లెక్క తేలింది. 2007 డిసెంబరులో విద్యార్థిని హత్య. 2008 ఆగస్టులో ఒక కుర్రాణ్ని పట్టుకున్నారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని చెప్పి, లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదేళ్ల పైగా జైలుకి అది రోజుకి ముప్పై రూపాయల పైచిలుకు. ఆ డబ్బుకి రెండు టీలొస్తాయి, గట్టిగా అడిగితే ఒక బిస్కెట్టు కూడా. మరుసటి ఏడాది హైకోర్టు దర్యాప్తును సీబీఐ చేతికిచ్చింది. అంటే కథ మళ్లీ మొదటికి. హంతకుడు దొరికాడన్న హెడ్డింగు మాత్రం పాత పేపర్ల కట్టలో చెక్కుచెదరకుండా ఉంది.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువతిపై అత్యాచారం, హత్య జరిగినప్పుడు వేగం ఇంకా పెరిగింది. అత్యాచార బాధితుల పేరు బయటపెట్టడం నేరం. పేరూ ఫొటో ఊరూరా తిరిగొచ్చాక పోలీసులు ‘దిశ’ అని పిలవమన్నారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో పోయారు. పోలీసుల మీద పూలు చల్లడం లైవ్‌లో చూశాం. చంపాలనే కాల్చారనీ, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లనీ సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటపెట్టింది. కానీ పూలరేకులు రాలుతుంటే స్క్రీన్ నిండుగా ఉంటుంది. నివేదికలో ఏముంటాయి, పేజీలు తప్ప?

అయినా పెద్దల మాట కాదనలేక ఒక్క సూచన. నిర్దోషి అని తేలిన రోజున కూడా ప్రెస్ మీట్ పెట్టండి. అదే టేబుల్, అవే మైకులు. ఈసారి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దర్యాప్తు చేసినవాళ్లనూ హెడ్డింగు పెట్టినవాళ్లనూ వెనక నిలబెట్టండి. ముసుగు కావాలో వద్దో వాళ్ల ఇష్టం.

చిక్కల్లా ఆ ప్రెస్ మీట్‌కి ఎవరు వెళ్తారన్నదే. అది కోర్టు వార్త, మాది కాదని క్రైమ్ బీట్ వాళ్లంటారు. కోర్టు బీట్ వాళ్లకేమో ఆ రోజు హైకోర్టులో సినిమా టికెట్ రేట్ల కేసు ఉంటుంది.