కౌగిలింతలు సరే, ఓటింగ్ ఎక్కడ?

మా ఫ్యామిలీ గ్రూపులో ఒక రకం ఫార్వర్డ్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. "అమెరికా సెనేట్‌లో భారత్‌కు మద్దతుగా బిల్లు!" డాలస్‌లో ఉండే మా బావగారు పెడతారు. కింద జెండాలు, దండాలు, "ఇక మనకు తిరుగులేదు" అని కామెంట్లు. ఆ బిల్లు పాసైందా అని మాత్రం ఎవరూ అడగరు.

ఒక ఉదాహరణ చెప్తాను. 2024 జులైలో అప్పటి సెనేటర్ మార్కో రూబియో ఒక బిల్లు పెట్టారు. రక్షణ టెక్నాలజీ ఇచ్చే విషయంలో భారత్‌ను జపాన్, ఇజ్రాయెల్, దక్షిణ కొరియా, నాటో దేశాలతో సమానంగా చూడాలని దాని సారాంశం. మన దగ్గర పెద్ద హడావిడే జరిగింది. అక్కడ రెండేళ్లకోసారి కాంగ్రెస్ గడువు ముగుస్తుంది, అప్పటికి పాస్ కాని బిల్లులన్నీ మురిగిపోతాయి. 2025 జనవరి 3న ఇదీ అలాగే పోయింది. అదే నెలలో ఆ రూబియోనే విదేశాంగ మంత్రి అయ్యారు. ఆయన ఆ కుర్చీలో ఉండగానే ఆగస్టులో మన సరుకు మీద 50 శాతం సుంకం పడింది. జనరిక్ మందులను వదిలేశారు కాబట్టి మన హైదరాబాద్ ఫార్మా కంపెనీలు ఊపిరి పీల్చుకున్నాయి. భీమవరం రొయ్య రైతుకు ఆ అదృష్టం లేదు.

ఇదంతా అమెరికాను తిట్టడానికి రాయడం లేదు. రెండు దేశాల స్నేహం నాయకుల కౌగిలింతలు, మాటల మీద నడిస్తే, అది నోటరీ కాగితం మీద ప్లాటు కొన్నట్టే. రిజిస్ట్రేషన్ కావాలంటే చట్టసభ ఓటు వేయాలి.

తైవాన్ సంగతి చూడండి. 1979 జనవరి 1న అమెరికా చైనాను గుర్తించి, తైవాన్‌తో అధికారిక సంబంధాలు తెంచుకుంది. అధ్యక్షుడు కార్టర్ నిర్ణయం అది. అక్కడి కాంగ్రెస్ ఊరుకోలేదు. తైవాన్ సంబంధాల చట్టాన్ని దిగువ సభ 339-50తో, సెనేట్ 85-4తో ఆమోదించాయి. ఏప్రిల్ 10న అదే కార్టర్ దాని మీద సంతకం పెట్టారు. తైవాన్ మీద యుద్ధం వస్తే అమెరికా దిగి తీరాలని ఆ చట్టంలో లేదు. ఆత్మరక్షణకు కావలసిన ఆయుధాలు ఇవ్వాలని ఉంది. ఎంబసీ లేకపోయినా ఆ పనులు చూడటానికి ఒక సంస్థ ఉండాలని ఉంది. అప్పటినుంచి ఎంతమంది అధ్యక్షులు మారినా ఆ చట్టం కదల్లేదు. 2023లో తైవాన్‌తో మొదటి వాణిజ్య ఒప్పందం కుదిరినప్పుడు కూడా కాంగ్రెస్ చట్టం చేసి మరీ ఆమోదించింది. ఇకపై జరిగే చర్చల ముసాయిదాలు మాకూ చూపించాలని షరతు పెట్టింది. అధ్యక్షుడు బైడెన్ గొణుక్కుంటూనే సంతకం చేశారు.

ఇంత ఉన్నా 2025లో తైవాన్‌కు 20 శాతం సుంకం తప్పలేదు. అంటే చట్టం ఎంతవరకు రాసి ఉందో అంతవరకే కాపాడుతుంది. ఆయుధాల గురించి రాసుకున్నారు, అది నిలబడింది. సుంకాల మాట రాసుకోలేదు, అది నిలబడలేదు.

ఇక మన స్థానం ఎక్కడో చూద్దాం. అమెరికా ఒక స్థాయి దాటిన ఆయుధాల అమ్మకం దేనికైనా ముందు కాంగ్రెస్‌కు నోటీసు ఇవ్వాలి. నాటో దేశాలకు, జపాన్, ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా, ఇజ్రాయెల్, న్యూజిలాండ్‌కు 15 రోజులు. మనకు 30 రోజులు. "ప్రధాన రక్షణ భాగస్వామి" అని 2016లో బిరుదు ఇచ్చారు గానీ ఆ లైన్ దగ్గర మనం ఇంకా రెండో క్యూలోనే ఉన్నాం. 31 ఎమ్‌క్యూ-9బి డ్రోన్ల కథ గుర్తుందా? దాదాపు 400 కోట్ల డాలర్ల డీల్. అప్పటి సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ చైర్మన్ బెన్ కార్డిన్, అమెరికాలో ఖలిస్తానీ నాయకుడు పన్నూన్‌ను చంపించడానికి కుట్ర జరిగిందన్న కేసు విషయంలో భారత్ నుంచి సమాధానం కావాలని దాన్ని ఆపారు. హామీలు తీసుకున్నాకే వదిలారు. ఒకే ఒక్క సభ్యుడు! మన దేశానికి సంబంధించిన విషయం కాబట్టి నాకు చిరాకు వేసింది, నిజమే. కానీ ఓ ఎంపీకి అంత పట్టు ఉండటం చూసి అసూయ కూడా కలిగింది.

ఆ పట్టు ఎంతదూరం వస్తుందో తెలుసుకోవాలంటే బాలానగర్ వెళ్లండి. మా పిన్ని కొడుకు అక్కడ ఒక చిన్న మెషినింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు, విమాన భాగాలు కోస్తారు. డ్రాయింగ్ కింద అమెరికా ఎగుమతి చట్టం హెచ్చరిక ముద్రించి ఉంటుందట. షాప్‌ఫ్లోర్‌లోకి ఫోన్ తీసుకెళ్లకూడదు, ఆ కాగితం ఫొటో తీయకూడదు, పని అయిపోయాక పడేయకూడదు, లెక్క చెప్పి తిరిగి ఇవ్వాలి. ఆదిభట్లలో సి-130జె విమానం తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ బాడీలు తయారవుతున్నాయని మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. వాషింగ్టన్‌లో ఎవరో ఓటు వేసిన చట్టం మన గల్లీలో కుర్రాడి జేబులో ఫోన్ దాకా వచ్చింది. మన సభలో ఓటు వేసిన ఏ ఒప్పందం అలా వాళ్ల గల్లీ దాకా వెళ్లింది?

వెళ్లదు, ఎందుకంటే మన దగ్గర అసలు ఓటే లేదు. ఒప్పందం చేసుకోవడం, ఖరారు చేయడం అంతా కేంద్ర ప్రభుత్వం పని. దాన్ని అమలు చేయడానికి కొత్త చట్టం అవసరమైతేనే పార్లమెంటు గుర్తొస్తుంది. అమెరికాతో అణు ఒప్పందాన్ని తీసుకోండి. 2008లో అమెరికా దిగువ సభ దాని మీద 298-117తో, సెనేట్ 86-13తో ఓటు వేశాయి. మన లోక్‌సభలో జులై 22న జరిగింది ఒప్పందం మీద ఓటు కాదు, ప్రభుత్వం మీద విశ్వాస పరీక్ష. 275-256. ఒప్పందంలో ఏముందో ఎవరికీ గుర్తులేదు, ఎంపీలను కొనడానికి ఇచ్చారంటూ సభలో చూపించిన నోట్ల కట్టలు మాత్రం అందరికీ గుర్తున్నాయి.

ఆస్ట్రేలియాతో 2022 ఏప్రిల్‌లో వాణిజ్య ఒప్పందం కుదిరితే, వాళ్ల పార్లమెంటరీ కమిటీ దాన్ని పరిశీలించింది, నవంబరులో పార్లమెంటు ఆమోదించింది. మన వైపు అలాంటి ఓటు లేదు. ఆసియాన్‌తో ఒప్పందం 2010లో అమల్లోకి వచ్చినప్పుడు పామాయిల్ సుంకం తగ్గించుకుంటూ పోతామని ఒప్పుకున్నాం. ఆ లెక్క తగిలేది అశ్వారావుపేట ఆయిల్‌పామ్ రైతుకు. ఆ రైతు నియోజకవర్గ ఎంపీ చేయి ఎత్తాల్సిన సందర్భమే రాలేదు.

"మన ఎంపీలకు ఇది కూడా ఇస్తే ప్రతి ఒప్పందం వెల్‌లోకి దూకడంతోనే ముగుస్తుంది" అంటారు మా బావగారు. ఆ భయంలో అర్థం ఉంది. కానీ పార్లమెంటు పట్టించుకున్న ఒక్క సందర్భం చూడండి. 2010 అణు పరిహార చట్టంలో, ప్రమాదం జరిగితే యంత్రాలు సరఫరా చేసిన కంపెనీ నుంచి కూడా పరిహారం రాబట్టవచ్చని ప్రతిపక్షాలు పట్టుబట్టి పెట్టించాయి. భోపాల్ గాయం అది. పదిహేనేళ్లు విదేశీ కంపెనీలు దానికి జంకాయి, అమెరికా రియాక్టర్లు పెడతామన్న శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కటీ లేవలేదు. అది మంచో చెడో మీరు వాదించుకోండి. మన సభ రాసిన మాటకు బరువు ఉందని మాత్రం తేలింది కదా. 2025 డిసెంబరులో ఆ క్లాజు తీసేస్తూ 'శాంతి' అనే కొత్త అణుశక్తి బిల్లు వచ్చింది. కమిటీకి పంపమని అడిగినా పంపలేదు, నాలుగు రోజుల్లో రెండు సభలూ దాటేసింది. బరువైన మాటను చెరిపేయడానికి నాలుగు రోజులు!

ఇది కొత్త కోరిక కూడా కాదు. జస్టిస్ వెంకటాచలయ్య నేతృత్వంలోని రాజ్యాంగ సమీక్షా కమిషన్, మన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి కూడా అందులో సభ్యుడే, ఒప్పందాల అధికారాన్ని క్రమబద్ధం చేసే చట్టం అవసరమని 2002లోనే చెప్పింది. ఏ పార్టీ ప్రభుత్వమూ దాని జోలికి పోలేదు. అధికారంలోకి వచ్చాక ఎవరికీ తమ చేతులు తాము కట్టుకోవాలనిపించదు.

బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద 2025 జులైలో సంతకాలు అయ్యాయి. స్కాచ్ మీద సుంకం 150 శాతం నుంచి 75కు, పదేళ్లలో 40కి. వాళ్ల చట్టం ప్రకారం ఒప్పందాన్ని సభ సమావేశమయ్యే 21 రోజుల పాటు పార్లమెంటు ముందు ఉంచాలి, సభ కాదంటే ఆపవచ్చు. మనకు కనీసం అదైనా చాలు. పార్లమెంటు ముందు 21 రోజులు, ఒక కమిటీ, చివర్లో పేరు పేరునా ఓటు. మల్కాజిగిరి, చేవెళ్ల, సికింద్రాబాద్, హైదరాబాద్ ఎంపీలు ఎటు బటన్ నొక్కారో మర్నాడు పేపర్లో రావాలి.