మతం చూపును మలుస్తుంది, చూపు మతాన్నీ మలుస్తుంది

1755 నవంబర్ 1వ తేదీ ఉదయం పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో జనం చర్చిల్లో ఉన్నారు. క్రైస్తవులకు అది సకల పునీతుల పండుగ. ప్రార్థనలు జరుగుతుండగానే భూమి కంపించింది, కొంతసేపటికి సముద్రం నగరం మీదికి పొంగింది, ఆ తర్వాత రోజుల తరబడి మంటలు మిగిలినదాన్ని కాల్చాయి. వేలాది మంది చనిపోయారు. క్యాథలిక్ చర్చిలోని జెసూట్ సంఘానికి చెందిన మతగురువు మలగ్రీడా ఇది పాపాలకు దేవుడు విధించిన శిక్ష అన్నాడు, సహజ కారణాలు వెతకడమే తప్పన్నాడు. తర్వాతి కాలంలో పొంబాల్ ప్రభువుగా ప్రసిద్ధుడైన మంత్రి మాత్రం దేశంలోని చర్చి పరిధులన్నింటికీ ఒక ప్రశ్నావళి పంపాడు: కంపనం ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు సాగింది, సముద్రం ముందు వెనక్కి తగ్గిందా, ముందుకు వచ్చిందా? జర్మన్ తత్వవేత్త కాంట్ మరుసటి ఏడాది భూకంపాలకు భౌతిక కారణాలను వెతుకుతూ మూడు వ్యాసాలు రాశాడు. జరిగేదంతా మంచికేనన్న తత్వాన్ని ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ ఈ శవాల గుట్టల ముందు నిలబెట్టి నిలదీశాడు. వీరందరూ పెరిగింది క్రైస్తవ సంస్కృతిలోనే. అంతకంటే గమనించదగ్గ విషయం, పొంబాల్ ప్రశ్నలకు సమాధానాలు రాసి పంపినవారు ఆయా ఊళ్ల చర్చి గురువులే. ఆదివారం దైవసంకల్పం గురించి ప్రసంగించిన మనుషులే సోమవారం కంపనం ఎన్ని నిమిషాలు సాగిందో లెక్క రాశారు.

ఫలానా మతస్థుడు కాబట్టి ఫలానా విధంగా ఆలోచిస్తాడని మనుషులను తేల్చేయడం ఎంత తప్పో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు. మతాన్ని విమర్శించేవారు, మతాన్ని సమర్థించేవారు ఈ విషయంలో ఒకే చోట పొరబడుతున్నారు. గ్రంథంలో ఉన్నది మనిషిలోకి నేరుగా దిగుతుందని ఇద్దరూ నమ్ముతారు, కాకపోతే దిగేది విషమని ఒకరు, అమృతమని ఒకరు వాదిస్తారు. గ్రంథానికీ మనిషికీ మధ్య మరొకటి ఉంది. లోకం ఎలా నడుస్తుంది, ఏది ఎందుకు జరుగుతుంది, ఎవరు మన లెక్కలోకి వచ్చే మనిషి, ఎవరు రారు అన్న వాటి గురించి ఎవరూ నేర్పకుండానే మనలో స్థిరపడిన అంచనాలే అవి. ప్రాపంచిక దృక్పథమని మనం పిలిచేది దీన్నే. దానిలో కొంత భాగం మాటల్లోకి వచ్చి, ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రతిపాదనలుగా నిలిస్తే విశ్వాస వ్యవస్థ అవుతుంది. ఆ వ్యవస్థకు ఆచారాలు, సంస్థలు, సమష్టి జ్ఞాపకం, ఒక సమాజం తోడైతే మతమవుతుంది. మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1966లో రాసిన వ్యాసంలో, మత ప్రతీకలు రెండు పనులు ఒకేసారి చేస్తాయని వివరించాడు: ఉన్న లోకం ఎలాంటిదో చూపిస్తాయి, ఆ లోకంలో ఎలా మెలగాలో కూడా చెబుతాయి. ఈ రెండు పనులూ కలిసి ఉండడం వల్లనే ఒకటి కదిలితే రెండోది కదలక తప్పదు.

దృక్పథం అంటే అజ్ఞానం కాదు, దాన్ని విజ్ఞానం తొలగించేస్తే పని పూర్తయిందనుకోవడానికి. ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో మధ్య ఆఫ్రికాలోని అజాందే ప్రజల మధ్య గడిపిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఎవాన్స్-ప్రిచర్డ్ ఒక ధాన్యపు కొట్టు గురించి చెప్పాడు. దాని నీడలో కూర్చున్నవారి మీద అది కూలిపడితే, చేతబడి వల్లనే కూలిందని అజాందేలు అంటారు. స్తంభాలను చెదలు తినేశాయని వారికి తెలియక కాదు, బాగా తెలుసు. సరిగ్గా ఆ మనుషులు దాని కింద కూర్చున్న క్షణంలోనే ఎందుకు కూలిందన్నదే వారి ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకు చెదపురుగుల శాస్త్రం దగ్గర జవాబు లేదు. చేతబడి అన్న జవాబును నేను అంగీకరించను, ఆ జవాబు పేరుతో అమాయకుల ప్రాణాలు తీసిన సమాజాలు ఎన్నో ఉన్నాయి. కానీ ఆ ప్రశ్న ఆసుపత్రి వరండాల్లో నిలబడిన ప్రతి మనిషీ వేసుకునేదే. మతం బతుకుతున్నది ప్రధానంగా ఆ ప్రశ్న మీదనే, దాన్ని పట్టించుకోని విమర్శ విశ్వాసిని తాకదు.

దృక్పథం, మతం ఒకదాన్నొకటి ఎలా తిరగరాస్తాయో తెలుసుకోవడానికి యూదుల చరిత్రను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. క్రీ.పూ. 586లో బాబిలోనియా సైన్యం జెరూసలేంను పట్టుకుని ఆలయాన్ని నేలమట్టం చేసింది, సమాజంలోని ముఖ్యులను బందీలుగా తరలించింది. ఆ కాలపు పశ్చిమాసియాలో అందరికీ తెలిసిన తర్కం ప్రకారం దీనికి అర్థం ఒక్కటే: ఓడిన జాతి దేవుడు గెలిచిన జాతి దేవుడి చేతిలో ఓడిపోయాడు. ఆ తర్కంతోనే ఎన్నో చిన్న రాజ్యాల దేవతలు ఆనవాలు లేకుండా పోయారు. బందీలైన యూదుల ప్రవక్తలు దాన్ని తలకిందులు చేశారు. తమ దేవుడు ఓడిపోలేదని, తన ప్రజలను దండించడానికి బాబిలోనియానే పనిముట్టుగా వాడుకున్నాడని వారు చెప్పారు. ఓటమిని తట్టుకోవడానికి చెప్పిన ఆ మాటలో ఒక పెద్ద తాత్విక పరిణామం దాగి ఉంది. శత్రువు సైన్యాన్ని కూడా నడిపించగల దేవుడు ఒక కొండకో ఒక జాతికో పరిమితమైనవాడు కాలేడు, సమస్త లోకానికీ ఆయన ఒక్కడే దేవుడు కావాలి. ఏకేశ్వర భావన యూదుల్లో గట్టిపడడానికి ఈ ప్రవాసం ప్రధాన కారణమని చాలా మంది చరిత్రకారులు భావిస్తారు. మతం చెప్పిన దాన్ని చరిత్ర కాదన్నప్పుడు మతం చావకుండా లోకాన్ని గురించిన ఊహనే విస్తరించుకుంది. ఆ విస్తరించిన ఊహ ఆ తర్వాత క్రైస్తవానికీ ఇస్లాంకూ పునాది అయింది.

క్రీ.శ. 70లో రోమన్లు రెండో ఆలయాన్ని కూడా నాశనం చేశారు. ఆలయం లేకపోతే బలి లేదు, బలి లేకపోతే అప్పటి వరకు మతానికి కేంద్రంగా ఉన్న క్రతువే లేదు. యూదుల మతపండితులైన రబ్బీలు ఆ ఖాళీని ప్రార్థనతో, అధ్యయనంతో, దానధర్మాలతో నింపారు. పురోహితుడి స్థానంలోకి పండితుడు, బలిపీఠం స్థానంలోకి పుస్తకం వచ్చాయి. బలుల గురించిన ఆజ్ఞలను గ్రంథంలోంచి ఒక్క అక్షరం కూడా తొలగించలేదు, ఇప్పటికీ చదువుతారు. మతం పూర్తిగా మారిపోయింది, గ్రంథం చెక్కుచెదరలేదు.

బౌద్ధం చైనాకు వెళ్లినప్పుడు కూడా ఇటువంటిదే జరిగింది. తల్లిదండ్రులను వదిలి సన్యసించడం అక్కడి దృష్టిలో ఘోరమైన తప్పు. కాబట్టి చనిపోయిన తల్లిదండ్రుల మేలు కోసం పుణ్యం సమకూర్చే క్రతువులకు చైనా బౌద్ధంలో గొప్ప స్థానం ఏర్పడింది.

గ్రంథం ఒకటే, చూపులు వేరు అన్న మాట ఎంత నిజమో, ఎంత భయంకరమైనదో అమెరికా ఖండాల్లోని బానిసత్వం చూపిస్తుంది. బానిసలు యజమానులకు లోబడి ఉండాలన్న, బైబిల్‌లోని పౌలు వాక్యాలను తోటల యజమానులు వల్లించారు. 1688లోనే పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన కొందరు, ఇతరులు మీకు ఏమి చేయాలని కోరుకుంటారో మీరూ వారికి అదే చేయండి అన్న సూత్రాన్ని ముందుపెట్టి, బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ విజ్ఞాపన రాశారు. బానిసలుగా ఉన్నవారు అదే గ్రంథంలో మోషే కథను, ఈజిప్టు నుంచి విడుదలైన ప్రజల కథను తమ కథగా చదువుకున్నారు. ఈ చదువుకు యజమానుల పక్షం ఎంత భయపడిందంటే, 1807లో లండన్‌లో కరీబియన్ బానిసల కోసం అచ్చువేసిన బైబిల్ సంక్షిప్త ప్రతిలో ఆ విడుదల కథనే తీసేశారు. 1845లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోని బాప్టిస్టులు అనే ప్రొటెస్టెంట్ శాఖవారు, బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చా అన్న వివాదంపైనే వేరు సంఘంగా చీలిపోయారు. ఆ సంఘం బానిసత్వాన్ని సమర్థించినందుకు పశ్చాత్తాపం ప్రకటించడానికి 150 ఏళ్లు పట్టింది, 1995లో ఆ తీర్మానం చేసింది.

ఇక్కడ గ్రంథం ఏం చెబుతోందని అడిగితే జవాబు రాదు. నల్లజాతి మనిషి మనిషా కాదా అన్న ప్రశ్నకు చదివేవాడి మనసులో ముందే ఉన్న సమాధానమే ఏ వాక్యం పెద్దదిగా కనబడాలో, ఏ వాక్యం మరుగున పడాలో నిర్ణయించింది. ఆ సమాధానం వెనుక చెరకు తోటల లాభాలు ఉన్నాయన్నది కూడా దాచనక్కర్లేదు. అలాగని గ్రంథానికి ఏ పాత్రా లేదనడం సరికాదు. మోషే కథ ఆ పుటల్లో లేకపోయి ఉంటే, బానిసలకు తమ ఆశను పలికించుకునే ఆ భాష దొరికేది కాదు. యజమాని చేతిలో పెట్టిన పుస్తకమే యజమాని అధికారాన్ని ప్రశ్నించే మాటలను అందించింది. మతం చేయగలిగిన అత్యంత గొప్ప పని ఇదేనని నేను నమ్ముతాను: తనను పాలించేవారి దృక్పథానికి పూర్తిగా లొంగిపోని ఒక నిల్వను అది తనలో దాచుకుంటుంది.

దృక్పథం మారినవాడు పాత గ్రంథాన్నే కొత్తగా చదవడంతో సరిపెట్టుకోవాలని లేదు. అంబేడ్కర్ 1935లో మహారాష్ట్రలోని యేవలాలో, హిందువుగా పుట్టడం తన చేతిలో లేకపోయినా హిందువుగా మాత్రం మరణించనని ప్రకటించారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది అనుచరులతో బౌద్ధం స్వీకరించారు. ఈ రెండు తేదీల మధ్య ఇరవై ఒక్క ఏళ్లు ఆయన మతాలను స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే కొలమానంతో పరిశీలించారు. సాధారణంగా మనిషి విలువలను మతం తూకం వేస్తుంది, ఇక్కడ విలువలే మతాన్ని తూకం వేశాయి. ఎంచుకున్న బౌద్ధాన్ని కూడా ఆయన ఉన్నది ఉన్నట్టుగా తీసుకోలేదు. ఈ జన్మలోని దుస్థితికి పూర్వజన్మ కర్మే కారణమన్న వివరణ పేదవాడి మీదే నేరం మోపుతుంది కాబట్టి దాన్ని తిరస్కరించారు, దుఃఖం గురించి బుద్ధుడు చెప్పిన నాలుగు ఆర్యసత్యాల సంప్రదాయ రూపాన్నీ ప్రశ్నించారు. ఇది బౌద్ధమే కాదన్న సంప్రదాయవాదులు ఉన్నారు. వారి అభ్యంతరం నాకు బలంగా తోచదు. చైనాలోనూ, జపాన్‌లోనూ, టిబెట్‌లోనూ బౌద్ధం ఒక్కొక్క రూపం ధరించింది, అణచివేతకు గురైన మనుషుల మధ్య అది మరొక రూపం ధరించడానికి వీల్లేదనడం ఏ తర్కానికీ నిలవదు.

మతం నుంచి దృక్పథం వైపు సాగే ప్రభావం గురించి మాట్లాడితే జర్మన్ సామాజికశాస్త్రవేత్త మాక్స్ వెబర్ పేరు తప్పక వస్తుంది. తాను దేవుడు ఎన్నుకున్నవాడినో కాదో తెలియని కాల్వినిస్టు (కాల్విన్ బోధను అనుసరించే ప్రొటెస్టెంట్) ఆందోళన, క్రమశిక్షణతో పనిచేసి పొదుపుచేసే మనస్తత్వానికి దారితీసి, ఆధునిక పెట్టుబడిదారీ విధానానికి ఊతమిచ్చిందని ఆయన 1904-05లో వాదించాడు. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ముందే ఇటలీ నగరాల్లో బ్యాంకులు, వర్తకం వికసించాయన్న అభ్యంతరం బలమైనదే. వాదన సగమే నిలిచినా, ఒక సిద్ధాంతం తాను ఉద్దేశించని అలవాట్లను మనుషుల్లో పుట్టించగలదన్న అవగాహన మాత్రం మిగులుతుంది.

దేవుడు లేకపోతే ఈ చిక్కులన్నీ ఉండవని అనుకునేవారు సోవియట్ జన్యుశాస్త్ర చరిత్రను చదవాలి. 1948 ఆగస్టులో సోవియట్ వ్యవసాయ అకాడమీ సమావేశం, జీవి తన జీవితకాలంలో సంపాదించుకున్న లక్షణాలు సంతానానికి వస్తాయన్న లైసెంకో సిద్ధాంతాన్నే అధికారిక సత్యంగా నిలబెట్టింది, జన్యుశాస్త్రాన్ని బూర్జువా మోసంగా వెలివేసింది. ప్రపంచంలోని పంట విత్తనాలను సేకరించిన మహా శాస్త్రవేత్త వావిలోవ్ అంతకు ముందే 1943లో జైలులో మరణించాడు. గ్రంథాలు, భాష్యకారులు, మతద్రోహ విచారణలు అన్నీ అక్కడా ఉన్నాయి, దేవుడొక్కడే లేడు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందన్న గెలీలియోను 1633లో విచారించిన చర్చి, ఆ వ్యవహారంలో జరిగిన పొరపాటును పోప్ నోటితో బహిరంగంగా ఒప్పుకోవడానికి 1992 దాకా ఆగింది. కానీ నిషిద్ధ గ్రంథాల పట్టిక నుంచి ఆయన పుస్తకాన్ని 1835 నాటికే తొలగించింది, అంతకు ఎంతో ముందే క్యాథలిక్ దేశాల ఖగోళ శాస్త్రవేత్తలు భూమి తిరుగుతోందన్న లెక్కతోనే పనిచేస్తున్నారు. సాధారణంగా మార్పు ఇదే వరసలో వస్తుంది. ముందు ఆచరణ మారుతుంది, తర్వాత ఆ ఆచరణకు తగిన వ్యాఖ్యానం పుడుతుంది, అధికారిక ప్రకటన అన్నిటికన్నా చివర వస్తుంది. ప్రకటన రాలేదు కాబట్టి మతం కదలలేదని బయటివారు అనుకుంటారు.

ఈ కదలికను ఇటీవలి కాలంలో అతి దగ్గరగా చూపినది ఎబోలా. 2014లో ఈ వ్యాధి పశ్చిమ ఆఫ్రికాలోని గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో వ్యాపించి, తగ్గుముఖం పట్టేలోగా 11 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. చనిపోయినవారి శరీరంలో వైరస్ తీవ్రంగా ఉంటుంది. అక్కడి ముస్లిం, క్రైస్తవ, స్థానిక సంప్రదాయాల్లో మృతదేహాన్ని కడగడం, తాకి వీడ్కోలు పలకడం ఆత్మీయుల విధి, అది చేయకపోతే మరణించినవారిని అవమానించినట్టే. అధికారులు మొదట దేహాన్ని కేవలం వ్యాధికారక పదార్థంగా చూశారు. ముసుగులు ధరించిన బృందాలు శవాలను సంచుల్లో తీసుకుపోయాయి, లైబీరియా రాజధానిలో దహనాన్ని తప్పనిసరి చేశారు. జనం శవాలను దాచారు, రహస్యంగా పాతిపెట్టారు, వ్యాధి మరింత పాకింది. ఆ ఏడాది నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెడ్ క్రాస్‌తోనూ, క్రైస్తవ, ముస్లిం సంస్థలతోనూ కలిసి కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. సురక్షితంగానే కాదు, గౌరవప్రదంగా కూడా ఖననం జరగాలని అందులో చెప్పారు. కుటుంబం దూరంగా నిలబడి చూడవచ్చు, ప్రార్థన చేయవచ్చు, సమాధిపై పేరు ఉంటుంది. నీటితో స్నానం చేయించడానికి బదులు, నీరు దొరకనప్పుడు ఇస్లాం ఎప్పటినుంచో అనుమతించిన, శుభ్రమైన మట్టి లేదా ఇసుకతో చేసే పొడి శుద్ధిని రక్షణ దుస్తులు ధరించిన వ్యక్తి చేయవచ్చు. ఇమాములు, పాస్టర్లు ఈ మార్పును తమ తమ గ్రంథాల ఆధారంగానే వివరించారు. రోగాన్ని గురించిన కొత్త జ్ఞానానికి ఆచారం చోటిచ్చింది, మృతదేహం అంటే ఏమిటో విశ్వాసుల దగ్గర నేర్చుకున్నాక ఆరోగ్య అధికారులు తమ నిబంధనలను తిరగరాసుకున్నారు.