గడ్డ తీసేశాక ఏ పరీక్ష అడగాలి?

ఊపిరితిత్తిలోని క్యాన్సర్ గడ్డను సర్జన్ పూర్తిగా తీసేశారు. అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవు, లింఫ్ గ్రంథులూ శుభ్రంగానే ఉన్నాయి. అయినా జబ్బు తిరగబెడుతుందా అన్న బెంగ ఇంటిల్లిపాదినీ వదలదు. గడ్డ పరిమాణం, లింఫ్ గ్రంథులు, వ్యాప్తిని బట్టి స్టేజ్ నిర్ణయించే టీఎన్ఎం పద్ధతి ఎనిమిదో కూర్పు లెక్కల్లో, ఆపరేషన్ తర్వాత స్టేజ్ 1బీగా తేలినవారిలో అయిదేళ్లు బతికినవారు 73 శాతం. 2బీలో 56, 3ఏలో 41. ఎదురుగా కూర్చున్న మనిషి ఆ 73 మందిలో ఒకరా, మిగతా 27 మందిలో ఒకరా అన్నది స్టేజ్ చెప్పలేదు.

ఆ ఖాళీని పూడ్చడానికే బయోమార్కర్లు, అంటే గడ్డలోనో రక్తంలోనో పరీక్షించగల గుర్తులు. కొన్ని ముప్పు ఎంతో చెబుతాయి, కొన్ని ఏ మందు పనిచేస్తుందో చెబుతాయి. చికిత్సలో ఏమీ మార్చలేని ముప్పు అంకె రోగికి భయం తప్ప ఏమీ ఇవ్వదు. డబ్బు పెట్టాల్సింది రెండో రకం మీద.

అలాగని రెండో రకం పేరుతో వచ్చినవన్నీ నిలబడలేదు. కీమో మందు సిస్‌ప్లాటిన్ చేసే డీఎన్ఏ గాయాలను మాన్పే ప్రొటీన్ ఈఆర్‌సీసీ1. అది లేని గడ్డల్లోనే ఆపరేషన్ తర్వాతి కీమో మేలు చేస్తోందని 2006లో 761 గడ్డల మీద చేసిన అధ్యయనం చూపింది. తర్వాత ఆ ప్రొటీన్‌ను గుర్తించడానికి వాడిన అదే యాంటీబాడీ కొత్త బ్యాచ్‌తో పాత గడ్డలకే మళ్లీ రంగు వేస్తే ఫలితాలు కలవలేదు. 16 యాంటీబాడీలు ప్రయత్నించారు. ఈ ప్రొటీన్‌కు నాలుగు రూపాలుంటే మరమ్మతు చేసేది ఒక్కటే. దాన్ని విడిగా పట్టగల యాంటీబాడీ ఒక్కటీ దొరకలేదు.

నిలబడినవి జన్యు మార్పుల పరీక్షలు. కణాల పెరుగుదలను నడిపే ఈజీఎఫ్ఆర్ జన్యువులో ఎక్సాన్ 19 డిలీషన్ గానీ ఎల్858ఆర్ అనే మార్పు గానీ ఉన్న 1బీ నుంచి 3ఏ రోగులకు, దాన్ని అడ్డుకునే ఓసిమర్టినిబ్ మాత్ర రోజుకు 80 మిల్లీగ్రాములు మూడేళ్లు ఇచ్చిన అడౌరా ట్రయల్‌లో, అయిదేళ్లకు బతికున్నవారు 88 శాతం. ప్లాసిబో (మందులేని మాత్ర) తీసుకున్నవారిలో 78. ఈ మార్పు పొగతాగనివారిలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఎక్కువ. ఆపరేషన్ బాగా జరిగిందన్న సంతోషంలో ఈ పరీక్ష రాయకుండా ఇంటికి పంపడం పెద్ద పొరపాటు.

అయితే పరీక్ష బాగుండాలంటే ముక్క బాగుండాలి. ముక్క చెడకుండా ఉంచే ద్రవం ఫార్మలిన్ కణజాలంలోకి గంటకు సుమారు ఒక మిల్లీమీటరే దిగుతుంది. తీసిన లోబ్‌ను (ఊపిరితిత్తి భాగాన్ని) కోయకుండా, శ్వాసనాళం గుండా ఫార్మలిన్ ఎక్కించకుండా డబ్బాలో వేసేస్తే పైపొర గట్టిపడుతుంది, నడిమి గడ్డ చెడిపోతుంది. తీసిన గంటలోపే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో పెట్టాలి, 6 నుంచి 72 గంటల మధ్య బయటికి తీయాలి. ఆదివారం, పండగ కలిసొచ్చి అందులోనే ఉండిపోతే డీఎన్ఏ ముక్కలైపోతుంది. ఇమ్యునోథెరపీ పనిచేస్తుందా అని చూసే పీడీ-ఎల్1 ప్రొటీన్ పరీక్షకైతే స్లైడ్‌లో కనీసం 100 సజీవ క్యాన్సర్ కణాలు కనబడాలి.

ఇప్పుడు అందరూ అడుగుతున్నది రక్తంలో గడ్డ డీఎన్ఏను వెతికే పరీక్ష. దాని హద్దు లెక్కలోనే తెలుస్తుంది. 10 మిల్లీలీటర్ల రక్తంలో ప్లాస్మా నాలుగైదు మిల్లీలీటర్లు. అందులో 20 నానోగ్రాముల డీఎన్ఏ దొరికిందనుకుందాం. నానోగ్రాముకు సుమారు 300 చొప్పున 6,000 జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) ప్రతులు. గడ్డ డీఎన్ఏ లక్షకు ఒకటే ఉంటే, ఒక్క మార్పు కోసం వెతికితే ఆ ట్యూబులో అది ఉండకపోవచ్చు. అందుకే గడ్డ డీఎన్ఏను ముందే చదివి (సీక్వెన్స్ చేసి), పదుల నుంచి వందల మార్పులను ఒకేసారి వెతుకుతారు. ఆపరేషన్ గాయం వల్ల మామూలు డీఎన్ఏ కూడా రక్తంలో పెరుగుతుంది కాబట్టి కొన్ని వారాలు ఆగి తీయడం మేలు. తెల్ల రక్తకణాలను పక్కనే పరీక్షించకపోతే, వయసుతో వాటిలో వచ్చిన టీపీ53 జన్యువు మార్పు క్యాన్సర్‌లా కనబడుతుంది.

పాజిటివ్ వస్తే నమ్మాల్సిందే. బ్రిటన్‌లోని ట్రేసర్ఎక్స్ బృందం 2017లో చూపిన మధ్యస్థ లెక్క ప్రకారం, ఈ కబురు స్కాన్ కంటే 70 రోజులు ముందొచ్చింది. నెగటివ్‌కు మాత్రం అంత బలం లేదు. చిన్న అడినోకార్సినోమాలు (ఊపిరితిత్తి క్యాన్సర్‌లో ఒక రకం) రక్తంలోకి డీఎన్ఏను చాలా తక్కువగా వదులుతాయి. రిపోర్టు శుభ్రంగా వచ్చినా మొదటి రెండేళ్లు ఆరు నెలలకోసారి సీటీ తీయించుకోవడం మానకూడదు.