సెట్ గారికి, హన్మకొండ నుంచి

సెట్ గారికి నమస్కారం.

ఇంగ్లీషు మాటల్లో తమరు చాలా పెద్దవారు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో తమరి క్రియారూపానికే 430కి పైగా అర్థాలు, వాటి వివరణకు 60,000 మాటలు పట్టాయి. తర్వాత రన్ అనే మాట 645 అర్థాలతో తమరిని దాటేసిందట. బెంగపడకండి. ఆ లెక్కేసినవాళ్లు హన్మకొండ చౌరస్తాలో ఒక పూట నిలబడి ఉంటే మొదటి స్థానం తమరిదే.

ఇక్కడ సంబంధం సెట్, అద్దె ఇల్లు సెట్, కొత్త చెప్పులు సెట్. పరీక్షలైతే సరేసరి. ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్. అది కామన్ ఎంట్రన్స్ టెస్ట్ పొట్టి పేరనీ, తమరు కాదనీ తెలుసు. కానీ తెలుగులో రాస్తే ఇద్దరిదీ ఒకటే మొహం! 2024లో ఎంసెట్ కాస్తా ఈఏపీసెట్ అయినా తోక మాత్రం ఊడలేదు.

ఇక నా గోడు. మొన్న పొద్దున కాజీపేటలో చెల్లెకు సంబంధం మాట్లాడి, అటునుంచటే కాలిపోయిన బాయి మోటరు పట్టుకుని వైండింగ్ షాపుకు పోయాను. మెకానిక్ మోటరు విప్పి నల్లగా మాడిన తీగచుట్టలు లాగుతున్నాడు. అప్పుడే అమ్మ ఫోను.

"ఏమైంది కొడుకా, సెట్ అయితదా?"

"అయితది గనీ, లోపలంతా కాలిపోయిందే అమ్మా. మొత్తం కొత్తగా చుట్టాలె."

కాసేపు చప్పుడు లేదు.

"పిల్లగానికా?"

మెకానిక్ నవ్వాపుకుంటూ "సెట్ చేస్తం తియ్ అన్నా" అన్నాడు. ఏది చేస్తాడో చెప్పలేదు.

ఇదివరకు మా ఇంట్లో సంబంధం కుదిరేది, చీర నప్పేది, నగ అమరేది. అత్తాకోడళ్లకు పొసగేది కాదు. ఆ నాలుగు మాటలనూ ఇంట్లో కూర్చోబెట్టి నలుగురి జీతం తమరొక్కరే తీసుకుంటున్నారు. ఇది మాత్రం మాకు సెట్ కాదు. చూశారా, నా నోట్లోనూ తమరే!

ఇంగ్లీషులో పొద్దు గూకినా, పెరుగు తోడుకున్నా తమరేనట. మా అమ్మ దగ్గర ఆ రెండూ ఇంకా తమరికి చిక్కలేదు. ఫోను పెట్టేముందు ఆమె అన్నది: "పాలు తోడేసిన. పొద్దుగూకక ముందే రా కొడుకా."

ఇట్లు,
మోటరూ సంబంధమూ రెండూ ఇంకా తేలని ఒక అన్న