కేవైసీ గారికి ఒక ఖాతాదారుడి విన్నపం

మహారాజశ్రీ కేవైసీ గారి దివ్యసముఖానికి,

'మీ ఖాతాదారుణ్ణి తెలుసుకోండి' అన్నది కదా తమరి పూర్తి పేరు! ఇరవై రెండేళ్లుగా నాది అదే శాఖ, అదే ఖాతా. కౌంటరులో కూర్చునే అమ్మాయి మా మనవరాలి చదువు ఎంతవరకు వచ్చిందని అడుగుతుంది కూడా. అయినా నిన్న నా పింఛను ఆగిపోయింది. టోకెన్ నంబరు 47, భోజన విరామంతో కలిపి రెండున్నర గంటలు. ఫ్యాను మా నెత్తిన కాకుండా జిరాక్స్ యంత్రం మీద తిరుగుతోంది. (బ్యాంకు పేరెందుకు లెండి. కింద రాయబోయే బ్యాంకు మాత్రం కాదు.)

నా నేరం ఏమిటంటే, పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా చివర ఉంది, ఆధార్‌లో పొడి అక్షరంగా ముందు ఉంది, పాసుపుస్తకంలో అసలు లేదు. తమరి ఫారంలో 'మొదటి పేరు', 'చివరి పేరు' అని రెండు గళ్లు. మా ఇళ్లలో ఇంటిపేరు ముందొస్తుంది స్వామీ! ముందొచ్చేదాన్ని చివరిదని ఎలా రాయను? రాస్తే ఆధార్ ఒప్పుకోదు, రాయకపోతే పాన్ ఒప్పుకోదు. "మీరు ముగ్గురు మనుషుల్లా కనిపిస్తున్నారు సార్" అంది అదే అమ్మాయి.

సరే, పెద్ద బ్యాంకుల్లో తమరి ప్రతాపం ఎలాంటిదో చూద్దామని హెచ్‌ఎస్‌బీసీ చరిత్ర తిరగేశాను. 1865లో ఓడల కంపెనీ ఉద్యోగి థామస్ సదర్లాండ్ హాంకాంగ్‌లో మొదలుపెట్టించాడు. నెల తిరిగేసరికి షాంఘైలో శాఖ. అప్పట్లో చైనా వ్యాపారమంటే పట్టు, తేయాకు, నల్లమందు. 1959లో, ఒకప్పుడు బొంబాయిలో పుట్టిన మర్కంటైల్ బ్యాంకును కొనేసింది. 1992లో బ్రిటన్‌లోని మిడ్‌ల్యాండ్ బ్యాంకును కలుపుకుని, మరుసటి ఏడు కాపురం లండన్‌కు మార్చింది.

అసలు కథ 2012లో అమెరికా న్యాయశాఖ చెప్పింది. మెక్సికోలో మాదకద్రవ్యాల ముఠాలు ఆ బ్యాంకు కౌంటరు కిటికీ కొలతకు సరిగ్గా పట్టేలా పెట్టెలు చేయించుకున్నాయట. వాటినిండా నోట్లు నింపి, ఒకే ఖాతాలో ఒక్క రోజులో లక్షల డాలర్లు జమ చేశాయట. మొత్తం 88 కోట్ల డాలర్ల పైచిలుకు ముఠాల సొమ్ము ఆ బ్యాంకు గుండా పారింది. బ్యాంకు 190 కోట్ల డాలర్లు కట్టి బయటపడింది. ఆ కేసులో ఏ అధికారీ జైలు ముఖం చూడలేదు.

అప్పుడు ఎక్కడ చచ్చావయ్యా నువ్వు? ఆ పెట్టెల ఇంటిపేరు ముందుందా, చివరుందా అని అడిగావా? కిటికీని టేపు పెట్టి కొలుచుకుని వెళ్లినవాడికి సలాం కొట్టి, చొక్కా జేబులో పట్టే నా పింఛనుకు తాళం వేస్తావా?

రేపు పది గంటలకు మళ్లీ వస్తున్నాను.

ఇట్లు,
పాన్ ప్రకారం ఒకడు, ఆధార్ ప్రకారం ఇంకొకడు, పాసుపుస్తకం ప్రకారం మరొకడు.

జత: ముగ్గురూ ఒక్కడేనని నోటరీ చేయించిన వంద రూపాయల స్టాంపు కాగితం. ఫోటోలు రెండు (చెవులు కనిపించేవి).