500 డిగ్రీల పెల్లెట్ గ్రిల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పెల్లెట్ గ్రిల్ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ పళ్ళెంలో స్టేక్, అంటే మందపాటి మాంసం ముక్క, పాలిపోయి క్షేమంగా ఉంది. అక్కడ మీ తెర మీద 500 అంకె కూడా క్షేమమని తలుస్తాను.

రంపపు పొట్టు అదిమి చేసిన గుళికలు, అంటే పెల్లెట్లు, కాల్చే పొయ్యి తమరు. 500 చూపితే చాలు, స్టేక్‌కు వాతలు పడిపోతాయని జనం నమ్ముతారు. ఆ అంకె గురించే ఈ ఉత్తరం. 500 ఫారెన్‌హీట్, అంటే 260 సెల్సియస్, మీ పొట్టలో తిరిగే గాలి వేడి. మాంసానికి వాత పడాలంటే దాన్ని ఆనుకున్న ఇనుము కాలాలి, లేదా కింద నిప్పు సూటిగా సెగ కొట్టాలి. నిప్పు మీ దగ్గర లేదని కాదు. గుళికలు మండే గుప్పెడంత గిన్నెలో, అదే ఫైర్‌పాట్‌లో, ఉంది. దాని మీద ఒక రేకు, ఆ పైన కొవ్వు జారే ఇంకో రేకు, ఆ పైన కమ్మీలు. ఇంత ఘోషా పాటించే నిప్పును ఎక్కడా చూడలేదు. 1980ల్లో అమెరికాలోని ఓరెగాన్‌లో, ఇళ్ళు వెచ్చబెట్టే పెల్లెట్ స్టవ్‌ల వంశంలో పుట్టారు తమరు. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అని ఒప్పుకుంటే పోయేది.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు. నక్కకైనా వాతలు తేలాయి. మీ కమ్మీల మీద తేలేవి బూడిదరంగు గీతలు.

పోనీ, పొగ రుచైనా ఉందా? 225 ఫారెన్‌హీట్ దగ్గర (ఇక మీదట అంకెలన్నీ ఫారెన్‌హీటే) గుళికలు నిదానంగా రాజుకుంటూ పొగ ఇస్తాయి. 500కి తిప్పితే ఫ్యాన్ ఊదుడుకు పూర్తిగా మండిపోతాయి. ఇక హికరీ కట్టె గుళికలు వేసినా ఓక్ కట్టెవి వేసినా నాలుకకు తేడా తెలియదు. గంటకు పౌనులోపు తినే తమరు అప్పుడు రెండు మూడు పౌన్లు మింగుతారు.

మీతో పని చేయించుకునే దారి ఒకటుంది. ఒకటిన్నర అంగుళం మందమున్న రిబై (పక్కటెముకల దగ్గరి గొడ్డుమాంసం) ముక్కను ముందు 225 దగ్గరే పెట్టాలి. సుమారు ముప్పావుగంటకు లోపలి వేడి 115కి వస్తుంది. తీసి పక్కన పెట్టి, మిమ్మల్ని చివరిదాకా తిప్పి, ఖాళీ పోత ఇనప పెనాన్ని లోపల ఉంచి మూత వేయాలి. అరగంట మూత ఎత్తకూడదు. దోసె పెనం మీద నీళ్ళు చిలకరించి చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు, పెనం 450కి చేరకముందే చుక్క గంతులు మొదలెడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూడాల్సిందే. ఈలోగా ముక్కను కాగితపు తువ్వాలుతో పొడిగా అద్దాలి. తడి ఉంటే అది ఆవిరయ్యేదాకా పైభాగం 212 దాటదు, రంగు రాదు. నెయ్యి పెనానికి కాదు, ముక్కకు రాయాలి. వెన్న వద్దు, మాడుతుంది. ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నర. లోపల 130 చూపగానే తీసేయాలి. ఎరుపు చూస్తే ముట్టనివాళ్ళ కోసం ఇంకాసేపు ఉంచండి, వాళ్ళతో వాదన అనవసరం.

రేకు మధ్యలో జరిపే తలుపున్న మీ తమ్ముళ్ళు కొందరు మంట చూపిస్తారు. చూపేది జానెడు మేర. ఒక ముక్కకు సరిపోతుంది, చుట్టాలొస్తే వరసలో నిలబడాలి.

అమెరికా పెరళ్ళలో తెలుగువాళ్ళు మీ మీద తందూరీ చికెన్ ఆశ కూడా పెట్టుకున్నారు. తందూరు మట్టిగోడ 900 ఫారెన్‌హీట్ దాకా కాగి సెగ కొడుతుంది. మీకు అందులో సగం పైచిలుకు. అందుకని పెరుగును గుడ్డలో కట్టి నీరు వార్చి పట్టించాలి, 425 దగ్గర కాళ్ళు లోపల 175 దాటేదాకా ఉంచాలి, చివర రెండు నిమిషాలు వంటింటి ఓవెన్‌లో పైనుంచి సెగ కొట్టే బ్రాయిలర్ కింద పెట్టాలి. ఎరుపు మీది కాదు, కారానిది. నలుపు మచ్చలూ మీవి కావు, బ్రాయిలర్‌వి.

అసలు భయం వేరే. ముందురోజు పది గంటలు కారిన పంది కొవ్వు రేకు మీద గడ్డకట్టి ఉంటుంది. దాన్ని గీకకుండా 500కి తిప్పితే మొదట కాలేది అదే. అప్పుడు చూద్దామని మూత ఎత్తితే గాలి అంది భగ్గుమంటారు. మూత మూసే ఉంచి, స్విచ్ ఆపి, ప్లగ్ పీకాలి. నీళ్ళు పోయకూడదు. మామూలు రోజుల్లో మాత్రం ప్లగ్ పీకకూడదు. షట్‌డౌన్‌లో ఫ్యాన్ తిరిగి పాట్‌లో మిగిలింది కాల్చేయాలి, లేదంటే నిప్పు గుళికల్ని తోసే మర, అదే ఆగర్, గొట్టంలోకి వెనక్కి పాకుతుంది.

బూడిద సంగతి మరీ విచిత్రం. ఫైర్‌పాట్ కన్నాలు పూడి మంట ఆరితే, మీ కంట్రోలర్ చల్లబడ్డామని గుర్తిస్తుంది గానీ ఆరిపోయామని వెంటనే గుర్తించదు. ఆకలేసిందనుకుని ఇంకా గుళికలు తోస్తుంది. ఆ కుప్పకు మళ్ళీ నిప్పంటుకుంటే మూత ఎగిరిపడుతుంది. కుప్ప తీసేశాకే వెలిగించాలి. గుళికను వేళ్ళతో విరిచి చూడండి. పటుక్కుమంటే మంచిది. పిండిలా నలిగితే చెమ్మ తగిలినట్టు, గుళికల డబ్బా హాపర్లో పోస్తే ఆగర్ పట్టేస్తుంది.

ఇట్లు,
లోపల అరగంట కాగి మీ పరువు కాపాడుతున్న,
పోత ఇనప పెనం

తా.క.: కొవ్వు బకెట్ నిండింది.