చేతికి తెలియాల్సింది బొమ్మ చెప్పదు

ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరిన కొత్తలోనే విద్యార్థుల చేతికి ఒక ప్రశ్నపత్రం ఇచ్చే కాలేజీలున్నాయి. దారి చెప్పాలంటే మ్యాపు గీయమంటావా, నోటితో చెప్పమంటావా, కాగితం మీద రాసివ్వమంటావా అన్న తరహా ప్రశ్నలు. జవాబులు లెక్కేసి నువ్వు చూసి నేర్చుకునే రకం, నువ్వు వినే రకం, నువ్వు చదివే రకం, నువ్వు చేసి నేర్చుకునే రకం అని తేలుస్తారు. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ 1987లో తయారుచేసిన 'వార్క్' ప్రశ్నావళి ఈ కోవదే. అది చెప్పేది ఇష్టం గురించే, శక్తి గురించి కాదు. పిల్లల నుదుట ముద్ర వేసే తొందరలో ఈ తేడాను పక్కన పెట్టేస్తున్నారన్నదే మా అభ్యంతరం.

ప్రసూతి వార్డునే చూడండి. కాన్పయ్యాక బాలింత పొట్ట మీద చెయ్యి వేసి చూడాలి. గర్భసంచి బొడ్డు దగ్గర గట్టిగా, బంతిలా తగిలితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. కలిపిన పిండిలా మెత్తగా ఉంటే ఆ క్షణమే మర్దన మొదలుపెట్టి డాక్టరుకు కబురు పంపాలి. కాన్పు తర్వాత వచ్చే తీవ్ర రక్తస్రావంలో ఎక్కువ భాగం ఇలా సంచి బిగుసుకోకపోవడం వల్లే. 'చూసే రకం' అని తేలిన అమ్మాయికి ఎన్ని రంగుల బొమ్మలు చూపించినా ఆ మెత్తదనం వేళ్లకు తెలియదు. గుండె చప్పుడులో తేడాను 'వినే రకం' కానివాళ్లూ చెవితోనే పట్టుకోవాలి. వెంటిలేటర్ తెర మీది గీతలు చదవడానికి కళ్లు తప్ప వేరే దారి లేదు.

ఎవరి రకానికి తగ్గట్టు వాళ్లకు బోధిస్తే బాగా నేర్చుకుంటారన్న వాదనకు సరైన ఆధారం లేదని హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లోనే తేల్చారు. పుస్తకం మూసి, చదివింది గుర్తు తెచ్చుకుని చెప్పడం లాంటి పాత పద్ధతి మాత్రం మళ్లీ మళ్లీ నెగ్గుతోంది. మన ఇళ్లల్లో అప్పజెప్పడం అనేది దాన్నే.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల నుంచి బరంపురం వెళ్లి చదివే మన తెలుగు పిల్లల కష్టం వేరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పాఠ్యపుస్తకం ఇంగ్లిష్. మంచం మీది మనిషి కొండ దిగి వచ్చిన సవర గిరిజన మహిళ. నొప్పి పొడుస్తోందా, పిండేస్తోందా అని ఆమె తన సవర భాషలో చెబుతుంటే అర్థంకాని విద్యార్థిని, ఏ రకమైతేనేం? రెండేళ్ల కోర్సులో పెద్ద టెన్షన్ ఇదే. ఏ ప్రశ్నావళీ దీన్ని అడగదు.

ప్రశ్నపత్రం వద్దనడం లేదు. నేనెలా చదువుతున్నాను అని తన గురించి తాను ఆలోచించుకోవడానికి అది పనికొస్తుంది, అంతవరకే. దానిమీద పెట్టే శ్రద్ధలో సగం వార్డులోకి రావాలి. బోధించే మేడమ్ స్వయంగా మంచం దగ్గర నిలబడి, విద్యార్థిని చెయ్యి పట్టుకుని సరైన చోట ఆనించాలి. బయటికొచ్చాక ఏం తగిలిందో ఆ అమ్మాయికి వచ్చిన భాషలోనే, తెలుగైనా ఒడియా అయినా, చెప్పించాలి. మొదటి నెలలోనే సవర మాట్లాడే ఆశా కార్యకర్తను క్లాసుకు పిలిచి, నొప్పికి, వాంతికి, కళ్లు తిరగడానికి కొండ మీద ఏమంటారో నేర్పించాలి. ఆమెకు ఆ రోజు కూలీ, బస్సు చార్జీ కాలేజీయే ఇవ్వాలి.